తాడు వదులు

మార్చి 2, గురువారం

బండి సెంటర్ స్టాండు ఇవాళ ఊడి చేతికొచ్చింది. సరిగ్గా రాయాలంటే కాలికొచ్చింది. ప్రెస్ నుంచి వచ్చి స్టాండు వేద్దామని తొక్కితే టక్కుమంది, చూస్తే తుప్పు పట్టిన ముక్క చెప్పు కింద ఉంది. అసలే నెల రోజులుగా ముందు ఫోర్కులోంచి నూనె కారుతోంది. సీలు పోయింది. మార్చాలంటే చక్రం విప్పాలి, విప్పాలంటే బండి ముందు భాగం గాల్లోకి లేపాలి. ఇప్పుడు ఆనించడానికి స్టాండు కూడా లేదు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే పది రోజులు పడుతుందన్నాడు. పది రోజులు బస్సుల్లో వేలాడే ఓపిక నాకు లేదు. ఇంట్లోనే లేపుకుంటాను, సీలు నేనే మార్చుకుంటాను.

మా ఆవిడతో ఆ మాటే అంటే, "మీరా?" అంది. రెండే అక్షరాలు. ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నవాణ్ణి, ఆ ప్రశ్నార్థకం బరువెంతో నాకు తెలీదా.

మార్చి 5, ఆదివారం

ప్రెస్‌లో పడున్న చిత్తు కాగితాల కట్టలు నాలుగు తెచ్చాను. గట్టిగా బిగించిన కట్ట రాయిలా ఉంటుంది. రెండు కట్టలు ఇంజను కింద పెట్టి, పొడుగాటి చెక్కతో మీటితే ముందు చక్రం లేస్తుందని నా లెక్క. లేచింది కూడా. నాలుగు వేళ్ల ఎత్తు లేచింది. నేను నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకునేలోపే పై కట్ట జారింది, బండి తీరిగ్గా అటు ఒరిగి, మూడు పూలకుండీలు పగలగొట్టి పడుకుంది.

మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. ముందు నా కాళ్లూ చేతులూ తడిమి చూసింది, అది ఒప్పుకోవాలి. తర్వాత నవ్వింది. తర్వాత ఫోన్ తీసింది.

"ఉండండి, మరిదిని పిలుస్తాను."

వద్దన్నాను. రెండుసార్లు వద్దన్నాను.

అతను పావుగంటలో వచ్చాడు. పడున్న బండికి వీపు తిప్పి, సీటు అంచుకి నడుం ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేపి నిలబెట్టేశాడు. ఒక్కడే. "బలం చేతుల్లో కాదన్నయ్యా, కాళ్లతో లేపాలి. నడుం పట్టేయదు," అని నాకో పాఠం. అంతకుముందు నేనూ మా ఆవిడా కలిసి కిందా మీదా పడినా కదలని బండి అది.

వచ్చే ఆదివారం సరంజామా తెచ్చి ముందు భాగం ఎలా లేపాలో చూపిస్తాడట. మా ఆవిడ చెల్లెలి మొగుడు. నాకు తోడల్లుడు. ఆ మాటలో 'తోడు' ఎవడు పెట్టాడో గానీ, వాడికి తోడల్లుడు ఉండి ఉండడు.

మార్చి 6

లిఫ్టులు బాగుచేయడం అతని ఉద్యోగం. పెళ్లయి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లుగా మా ఇంట్లో కుళాయి కారితే మరిది. తలుపు బిగుసుకుంటే మరిది. ఫ్యాను కిర్రుమంటే మరిది. నేను దిద్దిన పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయి. ఒక్కటి తెరిచి 'ఎంత బాగా దిద్దారండీ' అని మా ఆవిడ ఈ రోజు వరకూ అనలేదు. కుళాయి కారడం ఆగితే అందరికీ తెలుస్తుంది. లేని అచ్చుతప్పు ఎవరికి కనబడుతుంది?

ఇవాళ ప్రెస్‌లో 'ఓర్వలేనితనం' అని ఉండాల్సిన చోట 'ఓర్చలేనితనం' అని పడితే చూసి కూడా దాటేశాను. మధ్యాహ్నం గుర్తొచ్చి వెనక్కి వెళ్లి దిద్దాను.

మార్చి 9

తను పనిచేసే ఫిజియోథెరపీ సెంటర్ నుంచి వచ్చాక మా ఆవిడ వాళ్లతో ఫోన్‌లో మాట్లాడింది. చెల్లెలితో ఐదు నిమిషాలు, మరిదితో పన్నెండు. పూలకుండీల కథంతా పూస గుచ్చినట్టు చెప్పింది, "తీరిగ్గా ఒరిగి పడుకుంది" అన్నది నా మాట, అది కూడా వాడేసుకుంది. అటునుంచి అతను ఏమన్నాడో, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నాతో ఉన్నప్పుడు ఆ నవ్వు ఎక్కడ దాచిపెడుతుందో.

నాకు అనుమానం లేదు. మా ఆవిడ మీద గానీ, అతని మీద గానీ వీసమంత అనుమానం లేదు. ఇది అది కాదు. వాళ్ల మధ్య ఏదో ఉందని కాదు నా బాధ. అతనిలో ఏదో ఉంది, నాలో లేదు, అదీ నా ఏడుపు.

మార్చి 12, ఆదివారం

తోడల్లుడి చేతికి దెబ్బ తగిలింది. కుడిచెయ్యి. చూపుడు వేలు, మధ్య వేలు. ఎముకలు విరిగాయి, ఆస్పత్రిలో సన్నటి తీగలు దూర్చి కట్టారు.

నాకు కనబడలేదు. ట్యాంకు అడ్డం.

మార్చి 13

ప్రెస్‌కి సెలవు పెట్టాను. జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటే మంచిది. ఎవరైనా మళ్లీ అడిగితే మాట మారకూడదు.

నిన్న పొద్దున తొమ్మిదింటికి వచ్చాడు. కప్పీ, బొటనవేలంత లావు తాడు, రెండు చెక్క దిమ్మలు తెచ్చాడు. వరండా పైన ఇనప దూలం ఉంది కదా, ముందు దానికి తనే రెండు చేతులతో వేలాడి ఊగి చూసుకున్నాడు. కప్పీ కట్టాడు. వెనక చక్రానికి అటూ ఇటూ ఇటుకలు బిగించాడు, బండిని గేరులో పెట్టాడు. తాడు ఒక కొస ఫోర్కు మెడకి కట్టి, కప్పీ మీదుగా రెండో కొస నా చేతికిచ్చాడు. బండికి ఆ పక్క అతను. ఈ పక్క, కిటికీ దగ్గర, నేను.

"తాడు లేపడానికే అన్నయ్యా, మొయ్యాల్సింది దిమ్మ. దిమ్మ సరిగ్గా కూర్చునేదాకా తాడుని నమ్మకూడదు. కిటికీ ఊచకి ఒక చుట్టు వేసి పట్టుకోండి. అప్పుడు మీ చెయ్యి జారినా బండి జారదు."

"అక్కర్లేదు, పట్టుకోగలను."

"ఒక్క చుట్టే కదా అన్నయ్యా."

"పట్టుకోగలనన్నానుగా."

మా ఆవిడ టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చూస్తుండగా నా చేతుల మీద నమ్మకం లేనట్టు ఊచకి చుట్టడం నాకు తలకొట్టేసినట్టనిపించింది.

లాగాను. చక్రం జానెడు లేచింది. అతను ఇంజను కింద ఉన్న ఇనప చట్రం కిందకి దిమ్మ తోశాడు. అప్పుడు మా ఆవిడ అంది, "ఆ చేతుల్లో ఏముందో గానీ మరిదీ, ఏ వస్తువైనా నీ మాట వింటుంది." లాగుతున్నది నేను. చెమటలు కక్కుతున్నది నేను. పొగడ్త అతని చేతులకి.

అతను నవ్వాడు. నా మోచేతులు వణుకుతున్నాయి. బండి కొంచెం దిగి, బరువు దిమ్మ అంచు మీద పడింది, తాడు కాస్త సడలింది. దిమ్మ వంకరగా ఉందని అతను చెయ్యి పెట్టి లోపలికి నెడుతున్నాడు.

"అన్నయ్యా, తాడు వదులు," అన్నాడు.

వదిలాను.

దిమ్మ తిరగబడింది. బండి దిగింది. నేనూ మా ఆవిడా హ్యాండిల్ పట్టుకుని ఎత్తాం. వారం క్రితం ఇద్దరం కలిసి లేపలేని బండి, అప్పుడెలా లేచిందో తెలీదు. అతను చెయ్యి బయటికి తీసుకుని, దాని వంక చూస్తూ మెట్టు మీద కూర్చున్నాడు.

వదులు అంటే వదిలెయ్యమని. వదులు అంటే బిగువు లేదు, లాగమని కూడా. రెండూ ఒకే మాట. తాడు సడలిందని చెప్పబోయాడట, నేను వదిలెయ్యమన్నాడనుకున్నాను. ఎవరైనా పొరబడతారు. చెయ్యి అక్కడ ఉందని నాకు కనబడలేదు. బండి ట్యాంకు అడ్డంగా ఉంది.

మార్చి 15

వాళ్లింటికి వెళ్లాం. చెయ్యి చూస్తే దిండుకి కట్టు కట్టినట్టుంది. మరదలు కళ్లు వాచి ఉన్నాయి. అతనితో పనిచేసేవాళ్లు ముగ్గురు కూర్చున్నారు. ఎలా జరిగిందని వాళ్లలో ఒకతను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే తోడల్లుడు అందుకున్నాడు.

"నా నోరే కొంప ముంచింది. లాగండి అని ఏడవకుండా వదులు అన్నాను. అన్నయ్య తప్పేం లేదు."

ముగ్గురూ తలలూపారు. ఎంత మంచి మనిషో అని మా ఆవిడ దారంతా అంటూనే ఉంది. పుండు మీద కారం చల్లినట్టుంది నాకు. నాకు రావాల్సిన తిట్లు కూడా అతనే పట్టుకుపోయాడు.

మార్చి 16

ట్యాంకు అడ్డం. అక్కడ ఎవరు నిలబడినా అడ్డమే.

మార్చి 27

బస్సులో వెళ్తున్నాను. బండి అలాగే వరండాలో గోడకి ఆనించి ఉంది. కప్పీ దూలానికే ఉంది, తీద్దామని ఎవరూ అనలేదు. ఫోర్కులోంచి కారిన నూనె గచ్చు మీద మరకైంది. మా ఆవిడ రెండుసార్లు రుద్దింది.

ఏప్రిల్ 9, ఆదివారం

తీగలు తీసేశారు. వేళ్లు కట్టెపుల్లల్లా బిగుసుకుపోయాయి, మధ్య వేలు అసలు వంగడం లేదు. వంచి వంచి దారికి తేవాలట. వాళ్ల ఆఫీసులో జూన్ దాకా గడువిచ్చారు. అప్పటికి పానా బిగించి పట్టుకోగలిగితే లిఫ్టుల పని, లేకపోతే గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ల పేర్లు రాయడం.

ఆ మాట వినగానే ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. పేర్లు రాసుకుంటూ కూర్చుంటాడు, నాలాగా. ఒక్క క్షణమే. కానీ వేసింది, కాబట్టి రాస్తున్నాను. ఇది చదివేది నేనొక్కణ్ణే.

ఏప్రిల్ 11

రోజూ సాయంత్రం ఆరింటికి మా ఇంటికి వస్తాడట. మా ఆవిడ చేయిస్తుంది. ఆమె ఉద్యోగమే అది. ఎవరికి అభ్యంతరం?

ముందు గది బల్ల మీద తువ్వాలు పరిచి, దాని మీద అతని చెయ్యి పెట్టి, ఒక్కో వేలూ పట్టుకుని మెల్లగా వంచుతుంది. పది లెక్కపెడుతుంది. మళ్లీ తిన్నగా చేస్తుంది. మళ్లీ వంచుతుంది. కోణం కొలిచే ప్లాస్టిక్ స్కేలు ఆనించి పుస్తకంలో రాస్తుంది. నలభై నిమిషాలు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నా చెయ్యి అంతసేపు పట్టుకున్న రోజు ఒక్కటి గుర్తొస్తుందేమోనని ఆ నలభై నిమిషాలూ ఆలోచించాను.

ఈ చెయ్యి ఆ చేతిలోకి ఎలా వచ్చిందంటే, నా వల్ల. నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఏప్రిల్ 13

చూపుడు వేలు ఇరవై ఐదు డిగ్రీలు. మధ్య వేలు ఎనిమిది. నేను అడగలేదు. పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది.

ఏప్రిల్ 16, ఆదివారం

మా ఆవిడ చెల్లెలింటికి వెళ్లింది. ఇంట్లో ఎవరూ లేరు. వరండాలో బండిని ఆ రోజున్న చోటికే నెట్టాను. నేను ఆ రోజు నిలబడ్డ చోటే, కిటికీ పక్కన, నిలబడ్డాను. ఫోర్కు మెడకి తాడు కట్టి, ఈసారి ఊచకి నాలుగు చుట్లు వేసి లాగాను. దిమ్మ పెట్టాను. అతని చెయ్యి ఉన్న చోట నా కళ్లజోడు పెట్టె పెట్టి, వచ్చి మళ్లీ నిలబడి చూశాను.

ట్యాంకు పైన ఉంది. దాని కింద, చక్రానికీ ఇంజనుకీ మధ్య, జానెడు సందు ఉంది. ఆ సందులో నా కళ్లజోడు పెట్టె, దాని మీద దుకాణం పేరుతో సహా కనబడింది.

ఆ రోజు వెలుతురు వేరు. పొద్దున కదా.

ఏప్రిల్ 17

నిన్న చూసింది కూడా పొద్దున్నే.

ఏప్రిల్ 23, ఆదివారం

రాస్తాను. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి, పర్లేదు.

మధ్యాహ్నం మా ఆవిడ వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది. నేను నీళ్లు తాగడానికి వెళ్లాను. ఉన్నట్టుండి, నా వైపు తిరక్కుండా అడిగింది.

"ఏమండీ, మరిది మిమ్మల్ని ఎప్పుడైనా నువ్వు అన్నాడా?"

"లేదు. ఎందుకు?"

"ఆరేళ్లలో ఒక్కసారి కూడా అనలేదు. కూర్చోండి అంటాడు, ఉండండి అంటాడు. నిన్న వేలు వంచుతుంటే 'కాస్త వదలండి వదినా' అన్నాడు. అప్పట్నుంచీ నా బుర్ర తొలుస్తోంది. మిమ్మల్ని తాడు వదలమనాలంటే ఏమంటాడు?"

గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. నేను చేసే పనే ఇది. ఒక మాటకి రెండర్థాలొచ్చినప్పుడు, ఎవరు ఎవరితో అంటున్నారో చూసి, ఏది సరైనదో తేల్చడం. వాక్యం చివర అండీ ఉందా లేదా అని చూడకుండా ఒక్క పేజీ కూడా దాటను. ఇంత తప్పు నా కంట పడకుండా పోతుందా? పోలేదు. అన్నయ్యా, తాడు వదులు అని వినబడ్డప్పుడే తెలుసు, లాగమంటున్నాడని.

"వదలండి అంటాడు," అన్నాను.

ఆమె చేతిలో గిన్నె కింద పెట్టింది. ఇప్పుడు నా వైపు తిరిగింది.

"అతని చెయ్యి అక్కడ ఉందని మీకు కనబడిందా?"

డాక్టర్ అడిగితే లేదన్నాను. మరదలు అడిగితే లేదన్నాను. ఈ పుస్తకం ఎవరూ అడక్కపోయినా ఎన్నిసార్లు లేదన్నానో.

"కనబడింది," అన్నాను.

ఎందుకు అని అడగలేదు. అడిగితే, నువ్వు ఆ చేతులని పొగిడావు కాబట్టి అని చెప్పాల్సి వచ్చేది. నలభై ఆరేళ్ల మనిషి నోటితో అనదగ్గ మాటేనా అది? ఆమె గిన్నెలన్నీ తుడిచి అరలో సర్దింది. నేను అక్కడే నిలబడ్డాను.

"ఆరింటికి అతను వస్తాడు. చెప్పండి. ఇవాళ నుంచి వేళ్లు మీరే వంచండి. ఎంత వంచాలో నేను చూపిస్తాను," అంది. కంఠం మామూలుగానే ఉంది. పేషెంట్లతో మాట్లాడే కంఠం అది.

ఏప్రిల్ 23, సాయంత్రం

చెప్పాను. తువ్వాలు పరిచిన బల్లకి అటు అతను, ఇటు నేను. మా ఆవిడ పక్కన నిలబడి ఉంది.

"నాకు నీ చెయ్యి కనబడింది తమ్ముడూ. నువ్వు లాగమన్నావని కూడా తెలుసు. తెలిసే వదిలాను."

అతను వేళ్ల వంక చూశాడు.

"తెలుసన్నయ్యా. ట్యాంకు కింద సందులోంచి నాకు మీ మొహం కనబడింది."

మా ఆవిడ అడిగింది, "మరి నీ తప్పని ఊరంతా ఎందుకు చెప్పుకున్నావు?"

"ఇది తెలిస్తే మా ఆవిడ ఈ గడప తొక్కదు వదినా. మీ అక్కాచెల్లెళ్లకి ఒకరికొకరు తప్ప ఎవరున్నారు?" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "మీ కోసం కాదు. మీ మీద నాకు చాలా కోపంగా ఉంది," అన్నాడు. అప్పుడు కూడా మీరు అనే అన్నాడు.

తర్వాత చెయ్యి బల్ల మీద పెట్టాడు.

ఏప్రిల్ 24

మా ఆవిడ నాతో అవసరానికే మాట్లాడుతోంది. కంచం పెట్టింది. కుళాయి మళ్లీ కారుతోంది, ఎవర్నీ పిలవలేదు.

మే 1

ఆరింటికి వచ్చాడు. ఈ వారంలో మా ఇద్దరి మధ్యా పట్టుమని పది మాటలు లేవు. మొదటి కణుపు కింద నా బొటనవేలు ఆనించాలి, పైన చూపుడు వేలు. వేలి కొస పట్టుకుని లాగకూడదు. ఆ చెయ్యి ఇంత గరుకుగా ఉంటుందనుకోలేదు. గోళ్ల కింద గ్రీజు నలుపు నెలన్నర దాటినా పోలేదు. మొదటిరోజు నేను తప్పుగా పట్టుకుంటే మా ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని సరిచేసింది. ఇవాళ రాలేదు, వంటింట్లోనే ఉంది.

మధ్య వేలు వంచుతుంటే ఇరవై దగ్గర ఆగింది. ఇంకొంచెం నెట్టాను. అతని దవడ బిగుసుకుంది.

"నొప్పిగా ఉందా?" అన్నాను.

రోజూ మా ఆవిడ ఇదే అడిగేది. లేదు వదినా, బానే ఉంది అనేవాడు. మరదలితోనూ అంతేనట, డాక్టర్‌తోనూ అంతేనట.

"ఉంది," అన్నాడు. "ప్రాణం పోతోంది."

ఎవరితోనూ అనని మాట నాతో అన్నాడని సిగ్గులేకుండా సంతోషించాను. ఆపమంటావా అని అడిగాను. వద్దని తలూపాడు. పది దాకా లెక్కపెట్టి, స్కేలు ఆనించి చూసి, పుస్తకంలో ఇరవై రెండు అని రాశాను.